ఒక్క సిలిండర్ నుంచి పదహారు దాకా: ఏ అమరికలో ఏ ఇంజన్ మేటి?

నాలుగుస్ట్రోకులు

మిత్రులారా, ఏ ఇంజన్ గొప్పదన్న వాదన మన చర్చావేదికలో చాలాసార్లు మొదలైంది, ఒక్కసారీ తేలలేదు. లారీ ఇంజన్‌నూ రేసుకారు ఇంజన్‌నూ ఒకే గాటన కట్టడమే అందుకు కారణమని నా నమ్మకం. ఈసారి సిలిండర్ల లెక్కన విడదీసి మాట్లాడుకుందాం. ఒక్కో అమరికకు ఒక్క పేరే చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. బైకు, కారు, ట్రాక్టరు, విమానం, రైలు ఏదైనా సరే. వాంకెల్ రోటరీలో సిలిండరే ఉండదు కనుక దాన్ని ఇక్కడికి తేవద్దని మనవి.

నా ఎంపికలు ఇవి. ఒంటి సిలిండర్‌కు హోండా సూపర్ కబ్, నాలుగింటికి బీఎండబ్ల్యూ ఎం10, వరుస ఆరుకు టయోటా 2జేజడ్, వీ ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లుండే వీ8కు రేసుకార్ల కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, అలాగే పన్నెండుండే వీ12కు విమానాల రోల్స్‌రాయిస్ మెర్లిన్. మిగతావి మీరు నింపండి. వీటిని కాదనే హక్కు కూడా మీకుంది.

పొలంగట్టు

మొదటిదాన్నే కాదంటున్నాను. ఒంటి సిలిండర్ అంటే ఆయిల్ ఇంజన్. ఇంగ్లండులోని డర్స్‌లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన సీఎస్ డీజిల్ దీనికి మూలం. ఆరు హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు, అంతే. రాజ్‌కోట్ కార్ఖానాలు దాన్ని అచ్చుగుద్దినట్టు పోతపోసి దేశమంతా పంపాయి. బావుల దగ్గరికి కరెంటు రాని రోజుల్లో మెట్ట పొలాలు తడిసింది ఈ ఇంజన్లతోనే.

దాన్ని లేపడమే ఒక విద్య. వాల్వును ఎత్తి పట్టే లివర్ వేసి, హ్యాండిల్ తగిలించి, రెండు పెద్ద ఫ్లైవీళ్లు ఊపందుకునేదాకా తిప్పాలి. అప్పుడు లివర్ వదిలితే ఒక్కసారి 'ఢబ్' మంటుంది. ఇక డీజిల్ అయిపోయేదాకా దానికి అలుపు లేదు. రేడియేటర్ కూడా అక్కర్లేదు. పంపు తోడే నీళ్లలోంచే సన్న గొట్టంతో ఒక పాయ తీసి సిలిండర్ చుట్టూ తిప్పి, వేడినీళ్లను మళ్లీ కాలువలోకే వదిలేవారు. అదే ఇంజన్‌కు బెల్టు తగిలిస్తే పిండిమర ఆడేది, చెరకు గానుగ తిరిగేది. సూపర్ కబ్ ఎంత మంచిదైనా ఇన్ని పనులు చేయలేదు.

ఇనుపగుర్రం

పొలంగట్టు గారూ, ఆయిల్ ఇంజన్ మీద నాకూ గౌరవమే. కానీ బుల్లెట్ ఊసెత్తకుండా ఒంటి సిలిండర్ చర్చ ముగియకూడదు. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). 1955లో మద్రాసులో మొదలైన ఆ పోత ఇనుము ఇంజన్ మౌలికంగా అదే రూపంలో అర్ధశతాబ్దానికి పైగా తయారైంది. స్ట్రోకు పొడవు, ఫ్లైవీల్ బరువు కలిసి ఇచ్చే లాగుడు వేరే బండిలో దొరకదు. గేరు తగ్గించకుండా ఎత్తు ఎక్కుతుంటే ప్రతి పేలుడునూ విడివిడిగా వినవచ్చు.

వాణి_మెకానికల్

మీ ఇద్దరి మాటల్లోనూ అభిమానం నిండుగా ఉంది, కొలత మాత్రం కనిపించడం లేదు. అమరిక వారీగా చర్చ కాబట్టి నేనొక కొలత ప్రతిపాదిస్తాను. ఆ ఇంజన్ చేసిన పని అన్ని సిలిండర్లు ఉండటం వల్లే సాధ్యమైందా? మరో అమరికతో ఆ పని ఇంత బాగా జరిగేది కాదని చూపగలమా? చూపగలిగితే అదే ఆ అమరికకు మేటి.

ఒంటి సిలిండర్ ఇచ్చే వరం తక్కువ భాగాలు, తక్కువ ధర. కుదుపు దాని శాపం. ఆ వరాన్ని పూర్తిగా వాడుకుని శాపాన్ని అదుపులో పెట్టింది సూపర్ కబ్. 1958లో 49 సీసీతో మొదలై 2017 నాటికి పది కోట్ల బండ్లు దాటింది. మన ఊళ్లలో తిరిగిన హీరో హోండా సీడీ100 ఇంజన్ కూడా ఆ వంశానిదే. 50 మిల్లీమీటర్ల బోరు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు, ముందుకు పడుకోబెట్టిన సిలిండర్, 97.2 సీసీ. స్ప్లెండర్ దాన్నే అందుకుంది. పాలవాడి నుంచి పంతులుగారి దాకా లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తాయో చూసుకునే ఇళ్లలో సొంత బండి అన్న మాట దీనితోనే మొదలైంది.

పొలంగట్టు

వాణి గారి కొలతనే తీసుకుందాం. లిస్టర్‌కు రెండో సిలిండర్ చేరిస్తే ధర పెరిగేది, సన్నకారు రైతుకు అందేది కాదు. రిపేరుకు పట్నం పోవాల్సి వచ్చేది. ఊళ్లో కమ్మరికి కూడా విప్పి బిగించడం తెలిసిన ఇంజన్ అది. కాబట్టి మీ కొలతతో చూసినా నాదే నిలుస్తుంది.

నాలుగుస్ట్రోకులు

ఒంటి సిలిండర్‌కు మూడు పేర్లు ఉంచి ముందుకు వెళదాం, లేకపోతే రెండుకు చేరం.

ఇనుపగుర్రం

రెండుకు నేను యమహా ఆర్‌డీ350 అంటాను. మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ పేరుతో 1983 నుంచి కొన్నేళ్లు చేసింది. 347 సీసీ టూస్ట్రోక్ జంట. పెట్రోలు తాగుడుకు జనం భయపడ్డారు కానీ పికప్ ముందు ఆనాటి మన రోడ్ల మీద ఏ బండీ నిలవలేదు.

వాణి_మెకానికల్

రెండుకు బీఎండబ్ల్యూ బాక్సర్. 1923లో మాక్స్ ఫ్రిజ్ రూపొందించిన ఆర్32తో మొదలైంది. రెండు పిస్టన్లు ఎదురెదురుగా ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి కాబట్టి ఒకదాని తోపును మరొకటి రద్దు చేస్తుంది. రెండు సిలిండర్లూ చెరోవైపు గాలిలోకి పొడుచుకు వచ్చి ఉంటాయి, చల్లబడటానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఆ అమరికను నూరేళ్లు దాటినా వదల్లేదు.

ఎయిర్‌పోర్ట్_క్యాబ్

మూడు సిలిండర్లకు మారుతీ 800 అని ఎవరూ అనకముందే నేను అనేస్తున్నాను. సుజుకీ ఎఫ్8బీ, 796 సీసీ. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇచ్చిన నాటి నుంచి 2014 దాకా నడిచింది. ఓమ్నీలోనూ అదే. అంబాసిడర్, పద్మినీ నడిపిన డ్రైవర్లు చలికాలం పొద్దున చోక్ లాగి, యాక్సిలరేటర్ తొక్కి, బతిమాలి లేపేవారు. ఇది తాళం తిప్పగానే పలికేది. కారు నడపడానికి డ్రైవర్‌ను పెట్టుకోవాలన్న ఆలోచనే ఆ తాళంతో పోయింది. మా వృత్తికి అది దెబ్బే, అయినా ఉన్నమాట చెప్పాలి.

పొలంగట్టు

మూడుకు పెర్కిన్స్ ఏడీ3.152. పేరులోనే ఉంది, మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు, అంటే రెండున్నర లీటర్లు. మాసీ ఫెర్గూసన్ 35, 135 ట్రాక్టర్లకు ప్రాణం అదే. మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ సాంకేతికతతో ఇంజన్లు చేస్తే, 1960లో మొదలైన టాఫే వాటిని ట్రాక్టర్లకు బిగించింది. దమ్ములో చక్రం మునిగి, పొగ గొట్టం నల్లగా కక్కుతూ, చుట్లు పడిపోతున్నా ఇంజన్ ఆగిపోదు. నాగలి బయటపడేదాకా పళ్లు బిగించి లాగుతుంది.

తొమ్మిదివేల_ఆర్‌పీఎం

మీరంతా పాతకాలంలోనే ఉన్నారు. టయోటా జీఆర్ యారిస్‌లోని జీ16ఈ చూడండి. 1,618 సీసీ, మూడే సిలిండర్లు, టర్బోతో 260కి పైగా హార్స్‌పవర్. ర్యాలీ కోసం పుట్టింది.

వాణి_మెకానికల్

మూడు సిలిండర్లలో పైకీ కిందికీ తోసే బలాలు సర్దుకుంటాయి కానీ ఇంజన్ ఆ చివర నుంచి ఈ చివరకు ఊగుతుంది. జీ16ఈలో ఆ ఊపును బ్యాలెన్సర్ షాఫ్టుతో అణచారు. మారుతీలో మాత్రం ఇంజన్‌ను చిన్నదిగా, తేలికగా ఉంచి ముందు చక్రాల మధ్య అడ్డంగా ఇరికించడానికే మూడు ఎంచుకున్నారు. ఆ కారులో నలుగురు కూర్చోగలిగిన చోటు దక్కింది అందుకే. నా ఓటు ఎఫ్8బీకి.

నాలుగుస్ట్రోకులు

ఇప్పుడు అసలు యుద్ధం, వరుస నాలుగు. ఎం10ను ఎందుకు ఎంచుకున్నానో వివరంగా చెబుతాను. అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హాసెన్ గీసిన ఈ ఇంజన్ 1960ల మొదట్లో బీఎండబ్ల్యూ 1500 అనే మామూలు కుటుంబ కారులో వచ్చింది. కంపెనీ దివాలా అంచున ఉన్న రోజులవి. ఆ కార్లు అమ్ముడుపోయి సంస్థ బతికింది. అంతటితో ఆగితే మంచి ఇంజన్ అనేవాళ్లం. కానీ పాల్ రోషే అదే పోత ఇనుము బ్లాకును తీసుకుని, టర్బో తగిలించి ఫార్ములా వన్‌కు తీసుకెళ్లాడు. 1983లో నెల్సన్ పికే బ్రాభమ్ కారులో దానితోనే ప్రపంచ విజేత అయ్యాడు. టర్బో ఇంజన్‌తో దక్కిన తొలి ప్రపంచ డ్రైవర్ల టైటిల్ అది. తర్వాతి ఏళ్లలో అర్హత పోటీల కోసం పెంచినప్పుడు ఒకటిన్నర లీటర్ల ఇంజన్ 1,300 హార్స్‌పవర్ దాటింది. కూరగాయలకు వెళ్లే కారు, రేసు గెలిచిన కారు ఒకే బ్లాకు మీద నడిచిన ఉదాహరణ ఇంకొకటి చూపండి.

ఎయిర్‌పోర్ట్_క్యాబ్

మన దేశం సంగతి మాట్లాడితే నాలుగు సిలిండర్లంటే ఫియట్ 1.3 మల్టీజెట్. 1,248 సీసీ. మారుతీ స్విఫ్ట్ డీజిల్‌లో ఉంది, డిజైర్‌లో ఉంది, ఎర్టిగాలో ఉంది, సియాజ్‌లో ఉంది, బ్రెజాలో ఉంది, టాటా విస్టాలో ఉంది, ఫియట్ పుంటోలో సరేసరి. అందుకే దీన్ని జాతీయ ఇంజన్ అన్నారు. ఒక్కో పేలుడుకు డీజిల్‌ను ఒకేసారి గుమ్మరించకుండా చిన్నచిన్న విడతలుగా, గరిష్ఠంగా ఐదుసార్లు చిమ్ముతుంది. అందువల్లే పాత డీజిళ్ల గడగడ తగ్గింది. టైమింగ్ బెల్టు బదులు గొలుసు ఉంది. రెండు వేల చుట్లు దాటేదాకా కొంచెం బద్ధకం, దాటాక వెనుక నుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది. నా డిజైర్ ఓడోమీటర్ నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది, ఇంజన్ విప్పి సిలిండర్లు బోరు కొట్టించాల్సిన అవసరం ఇంకా రాలేదు. ఆయిల్ సమయానికి మార్చడమే నేను చేసిన సేవ. 2020లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు ఈ ఇంజన్ మన కార్లలోంచి వెళ్లిపోయింది. ఆ లోటు టాక్సీ స్టాండులో ఎవరిని అడిగినా చెబుతారు.

తొమ్మిదివేల_ఆర్‌పీఎం

హోండా ఎఫ్20సీ. రెండు లీటర్లు, టర్బో లేకుండా 240 హార్స్‌పవర్, తొమ్మిది వేల చుట్లు. నా పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసి ఉంటుంది. 1999లో ఎస్2000 కారుతో వచ్చింది. టర్బో పెడితే హార్స్‌పవర్ ఎవరైనా తీస్తారు. గాలిని బలవంతంగా కుక్కకుండా, వాల్వుల పనితనంతో, పిస్టన్ల తేలికదనంతో లీటరుకు 120 తీయడం ఇంజనీరింగ్‌లో పరాకాష్ఠ.

వాణి_మెకానికల్

నాలుగు సిలిండర్ల పెద్ద లోపం రెండో తరగతి కంపనం. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజన్ రెండుసార్లు అదురుతుంది. చుట్లు పెరిగేకొద్దీ అది వర్గంలో పెరుగుతుంది. తొమ్మిది వేల దగ్గర దాన్ని తట్టుకున్నందుకు ఎఫ్20సీకి నమస్కారం. అయినా నాలుగు సిలిండర్ల అసలు బలం దేనికైనా ఒదిగిపోవడం. ఆ లెక్కన మల్టీజెట్, ఎం10ల మధ్యే పోటీ. చిన్న హ్యాచ్‌బ్యాక్ నుంచి ఏడుగురి బండి దాకా, మూడు నాలుగు కంపెనీల గేర్‌బాక్సులతో కాపురం చేసిన మల్టీజెట్‌కే నా మొగ్గు.

నాలుగుస్ట్రోకులు

గౌరవంగా విభేదిస్తున్నాను. ప్రపంచ విజేత కావడం ఒదిగిపోవడం కంటే పెద్ద మాట.

ఘాట్‌రోడ్డు

ఐదు సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. మెర్సిడెస్ ఓఎం617 డీజిల్. మూడు లీటర్లు, 1974లో వచ్చింది, ఐదు సిలిండర్ల డీజిల్‌తో అమ్మిన తొలి కారు దానిదే. నిదానం, నిబ్బరం, చావులేనితనం.

తొమ్మిదివేల_ఆర్‌పీఎం

ఆడి క్వాట్రోను అంత తేలిగ్గా తీసేస్తారా? ఆడి కార్లలో ఇంజన్ ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడుతుంది. ఆరు పెడితే ముక్కు బరువెక్కుతుంది, నాలుగు పెడితే బలం చాలదు. ఐదు పుట్టింది అందుకే. వాణి గారి కొలతకు ఇంతకంటే సరిపోయే ఇంజన్ లేదు. 1-2-4-5-3 వరుసలో 144 డిగ్రీలకోసారి పేలుతుంటే వచ్చే ఆ తడబాటు లయ 1980ల ర్యాలీ అడవుల్లో కారు కనిపించకముందే వినిపించేది.

వాణి_మెకానికల్

ఒప్పుకుంటున్నాను, ఐదు ఆడిదే.

ఘాట్‌రోడ్డు

వరుస ఆరు దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక నా మాట వినండి. 2జేజడ్ మంచిదే. కానీ మన రోడ్ల మీద ఆరు సిలిండర్లు అంటే టాటా 697. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోకు 128, మొత్తం 5.7 లీటర్లు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా, మెర్సిడెస్ బెంజ్ కలిసి లారీలు మొదలుపెట్టిన నాటి వారసత్వం ఇది. పాతవాళ్లు ఇప్పటికీ బెంజి లారీ అనే అంటారు.

మా కుటుంబంలో లారీలే బతుకుతెరువు. మారేడుమిల్లి ఘాట్‌లో కలప లోడుతో ఎక్కేటప్పుడు రెండో గేరు వేస్తే మలుపు మలుపుకూ ఇంజన్ గొంతు మారుతుంది. డ్రైవరు టెంపరేచర్ ముల్లు చూడడు, చెవితోనే చూస్తాడు. సిలిండర్‌లోకి డీజిల్ పంపే నాజిల్ ఒకటి సరిగా చిమ్మకపోతే ఆరింటిలో ఏదో క్లీనరు కుర్రాడు కూడా చెప్పేస్తాడు. ఎలాగంటే, ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేస్తూ పోతాడు, దేన్ని వదులు చేసినప్పుడు శబ్దం మారదో అదే చెడ్డది. లైనర్లు మార్చి, రింగులు వేసి, క్రాంకు పాలిష్ పట్టిస్తే మళ్లీ కొత్త ఇంజనే. సిమెంటు, బియ్యం, ఇసుక, గ్రానైటు ఏది మోసినా ఇదే మోసింది.

నాలుగుస్ట్రోకులు

ఘాట్‌రోడ్డు గారూ, మీ మాట కదిలించింది. కానీ 2జేజడ్ వైపు కూడా వినండి. బోరు, స్ట్రోకు రెండూ 86 మిల్లీమీటర్లు. మూడు లీటర్ల పోత ఇనుము బ్లాకు. జపాన్ కంపెనీల పరస్పర ఒప్పందం ప్రకారం కాగితం మీద 280 హార్స్‌పవర్ అని రాశారు. లోపలి భాగాలను మాత్రం అంతకు చాలా మించిన బలాన్ని తట్టుకునేలా చేశారు. బ్లాకు విప్పకుండానే పెద్ద టర్బో బిగించి దాని బలాన్ని రెట్టింపు చేసినవాళ్లు లోకమంతా ఉన్నారు.

వాణి_మెకానికల్

వరుస ఆరులో మొదటి తరగతి (క్రాంకు చుట్టుకు ఒకసారి వచ్చేది), రెండో తరగతి కంపనాలు రెండూ పూర్తిగా రద్దవుతాయి. కాబట్టి ఈ అమరిక వరం నునుపుదనం. దాన్ని లోకానికి మొదట నమ్మించింది రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. 1907లో బలవంతపు ఆగుడు లేకుండా 14,371 మైళ్లు నడిచింది. ఆ ఇంజన్‌ను మన దగ్గరే చూడవచ్చు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ నిజాం కారు సిల్వర్ ఘోస్టే. ఆరో నిజాం ఆర్డరిచ్చారు, ఆయన 1911లో మరణించాకే అది చేరింది. మూడేసి సిలిండర్ల రెండు దిమ్మెలను ఒకే క్రాంకు మీద వరుసగా పేర్చారు. ఆ కాలానికి సాహసం అది.

ఘాట్‌రోడ్డు

నిజాం కారు ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంది. నా 697 ఒక్క పండగకే షెడ్డులో ఉంటుంది. ఓటు మార్చను.

డెట్రాయిట్_తెలుగు

వీ8 దగ్గర డీఎఫ్‌వీ పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను. కార్ల ఊరైన డెట్రాయిట్‌లో ఉంటూ ఊరుకోలేను. 1955లో షెవర్లే తెచ్చిన స్మాల్ బ్లాక్ వీ8, 265 ఘనపు అంగుళాలు, ఎడ్ కోల్ బృందం పని. 2011 నాటికి ఆ పరంపరలో పది కోట్ల ఇంజన్లు తయారయ్యాయి. పికప్ ట్రక్కులో ఉంది, పోలీసు కారులో ఉంది, పడవలో ఉంది, రేసులో ఉంది. ఇక్కడ పాత ఇంటి గ్యారేజీలో మూల చూస్తే గోనె కప్పిన ఒక స్మాల్ బ్లాక్ దొరకడం మామూలే. ఏ ఊరి దుకాణంలోనైనా దాని భాగాలు దొరుకుతాయి.

నాలుగుస్ట్రోకులు

డీఎఫ్‌వీకి ఫోర్డ్ పెట్టింది లక్ష పౌండ్లు. కీత్ డక్‌వర్త్ గీశాడు. 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో దిగిన తొలి పోటీలోనే జిమ్ క్లార్క్ గెలిచాడు. 1983 దాకా 155 గ్రాండ్ ప్రీ విజయాలు. కారుకు వెనక చట్రమే లేకుండా ఇంజన్‌నే ఎముకగా చేసి చక్రాలను దానికే బిగించారు. డబ్బు కట్టిన ఏ జట్టుకైనా అమ్మారు కాబట్టే చిన్న జట్లు పెద్దవాళ్లను ఓడించగలిగాయి. సంఖ్యలో స్మాల్ బ్లాక్ గెలవచ్చు, చరిత్ర మలుపు తిప్పింది మాత్రం ఇదే.

వీ10 మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా? లెక్సస్ ఎల్ఎఫ్ఏ అని రాసేస్తున్నాను. ఖాళీ చుట్ల నుంచి గరిష్ఠానికి 0.6 సెకన్లలో ఎగబాకుతుంది. ముల్లు అందుకోలేదని డిజిటల్ మీటరు పెట్టారు. చేసినవి 500 కార్లే.

తొమ్మిదివేల_ఆర్‌పీఎం

అభ్యంతరం లేదు!

వాణి_మెకానికల్

వీ12కు మెర్లిన్ అన్నారు. 27 లీటర్లు, స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్, మస్టాంగ్ విమానాల్లో ఎగిరింది. నా ఓటూ దానికే. ఇందులో మన ఊరి పేరు ఉందని చాలామందికి తెలియదు. 1940లో బ్రిటన్ గగన యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. హరికేన్లు నడిపిన 253వది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళం వల్ల వచ్చిన పేర్లవి. అంతకుముందు మొదటి ప్రపంచయుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్9ఏ విమానాలు నిజాం కానుకే. వాటిలో ఉన్నది 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజన్, అదీ వీ12. ఆ విమానాల్లో ఒకటి లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నిజాం పేరు రాసిన కానుక అక్షరాలతో ఇప్పటికీ ఉంది.

కాజీపేట_జంక్షన్

పదహారు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పదహారు సిలిండర్ల బుగాటీ కారు పేరు ఎవరైనా ఎత్తక ముందే చెబుతున్నాను, ఆల్కో 251. మన డబ్ల్యూడీఎం2 రైలింజన్ గుండె అది. వీ16, ఒక్కో సిలిండర్ బోరు తొమ్మిది అంగుళాలు, స్ట్రోకు పదిన్నర, అంటే ఒక్కో సిలిండరే దాదాపు 11 లీటర్లు. 2,600 హార్స్‌పవర్. 1962లో అమెరికా నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో మనమే చేసుకున్నాం. కన్న కంపెనీ 1969లో మూతపడినా మన షెడ్లలో దశాబ్దాలు బతికింది. కాజీపేట, గుత్తి షెడ్లు దీనితోనే పేరు తెచ్చుకున్నాయి. బండి కదిలేటప్పుడు టర్బో అందుకునేలోపు నల్లటి పొగ స్తంభంలా లేస్తుంది, ఆ తర్వాత సన్నటి ఈల మొదలవుతుంది. ఆ ఈల విని లోకో ఏ నాచ్‌లో, అంటే ఇంజన్ బలం పెంచే ఏ మెట్టులో, ఉందో చెప్పే ఉద్యోగులు షెడ్డులో ఉండేవారు.

డెట్రాయిట్_తెలుగు

దాని స్థానంలో వచ్చిన ఈఎండీ 710 కూడా వీ16 కదా, టూస్ట్రోక్, నాలుగు వేల హార్స్‌పవర్. పొగ తక్కువ, నిర్వహణ తక్కువ. కొలత ప్రకారం అదే పైన ఉండాలి.

కాజీపేట_జంక్షన్

నిర్వహణ తక్కువన్నది నిజమే. కానీ ఆవిరి బండ్ల కాలపు సరుకు రవాణాను డీజిల్ కాలంలోకి లాక్కొచ్చింది ఆల్కో. ఒక్కో సిలిండర్‌కు విడి హెడ్ ఉంటుంది, విప్పడానికి మొత్తం ఇంజన్ దించనక్కర్లేదు. హెడ్ లేపి, క్రేన్‌తో పిస్టన్ బయటికి లాగి, రింగులు మార్చి, మళ్లీ దించి బిగిస్తే ఆ లోకో తిరిగి గూడ్సుకు వెళ్లిపోతుంది. ఆ పని నేర్చుకున్న చేతులే తర్వాత ఈఎండీలను కూడా బాగుచేశాయి. పదహారు సిలిండర్లకు నా ఓటు 251కే.

పొలంగట్టు

నాది కూడా 251కే వేయండి. ఇక పద్నాలుగు మిగిలింది, డకోటా విమానంలోని ట్విన్ వాస్ప్ ఇంజన్. బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాల్లో ఉన్నది అదే, చక్రంలా చుట్టూ అమర్చిన ఏడేసి సిలిండర్ల వరుసలు రెండు, 1,200 హార్స్‌పవర్. దానికి పోటీ పెట్టేవారెవరైనా ఉంటే ముందుకు రండి.